ఇటుకకు ఓటు లేదు

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు మార్గంలో కంటాబంజి అనే స్టేషను ఉంది. పశ్చిమ ఒడిశాలో బలంగీర్ జిల్లా. మనలో చాలామంది ఆ పేరు విని ఉండరు. అయినా హైదరాబాదు చుట్టుపక్కల ఈ రెండు మూడు దశాబ్దాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఆ స్టేషనుతో తెలియని చుట్టరికం ఉంది. మట్టి తొక్కి, అచ్చు పోసి, ఎండబెట్టి, బట్టీలో పేర్చి మన గోడలకు ఇటుకలందించిన చేతుల్లో ఎన్నో ఆ ప్లాట్‌ఫారం మీద రైలెక్కి వచ్చినవే.

2024 జూన్ 4న ఆ కంటాబంజిలో ఒక ముఖ్యమంత్రి ఓడిపోయారు. నవీన్ పట్నాయక్ 2000 మార్చి 5న తొలిసారి గద్దెనెక్కారు. ఐదుసార్లు ప్రమాణం చేశారు. ఇరవై నాలుగేళ్లలో రాష్ట్రస్థాయి ఎన్నికల్లో ఓటమి ఎరగని మనిషి. ఇంకో రెండు మూడు నెలలు కుర్చీలో ఉంటే సిక్కిం ముఖ్యమంత్రిగా పవన్ కుమార్ చామ్లింగ్ నెలకొల్పిన రికార్డు దాటిపోయేవారు. ఆయన్ను 16,344 ఓట్ల తేడాతో ఓడించిన బీజేపీ అభ్యర్థి లక్ష్మణ్ బాగ్, ఒకప్పుడు లారీ మీద హెల్పర్‌గా పనిచేశానని చెప్పుకున్న మనిషి. నవీన్ నిలబడిన రెండో స్థానం హింజిలి నిలిచింది, కానీ 4,636 ఓట్లతో. అంతకు ముందు ఎన్నికలో అక్కడే ఆధిక్యం అరవై వేల దాకా ఉంది.

ఆ రోజు తెలుగు పత్రికల మొదటి పేజీలన్నీ ఆంధ్రప్రదేశ్ ఫలితాలకే చాలలేదు. 151 స్థానాల నుంచి 11కు జారిన పార్టీ కథ ముందు పొరుగు రాష్ట్రం కథ లోపలి పేజీకి పోయింది. మేమూ అలాగే చేశాం. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాం.

పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారని మనకో సామెత. నవీన్ విషయంలో ఆ సామెతను మరిచిపోకూడదు. 1999 అక్టోబరు 29 నాటి పెను తుపాను ఒడిశా తీరంలో దాదాపు పదివేల మందిని మింగింది. ఆ శవాల మధ్య చేతులెత్తేసిన కాంగ్రెస్ ప్రభుత్వాన్ని దించి జనం ఆయన్ను తెచ్చుకున్నారు. ఆ నమ్మకాన్ని ఆయన వమ్ము చేయలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేనాటికి ఇంచుమించు పది లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించి ఆశ్రయాలకు చేర్చింది ఆ ప్రభుత్వం. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. 2019 మేలో ఫని తుపాను పూరీని తాకినప్పుడూ అదే పని మళ్లీ చేసి చూపించింది. పల్లె పల్లెకూ కబురు, ముసలివాళ్లను మోసుకెళ్లే కుర్రాళ్లు, వండి సిద్ధంగా ఉంచిన భోజనం. తుపాను కాలంలో ఒడిశా యంత్రాంగం పనితీరును మన తీర జిల్లాల అధికారులు కూడా పాఠంగా చదువుకున్నారు. రూపాయికి కిలో బియ్యం, లక్షల మంది మహిళలను స్వయం సహాయక సంఘాల్లోకి తెచ్చిన మిషన్ శక్తి, ఇవీ ఆయన ఖాతాలోవే.

ఆ ఖాతాను ఒప్పుకున్నాకే అసలు అభియోగానికి రావాలి. 2013 అక్టోబరులో పది లక్షల మందిని గాలివాన నుంచి కాపాడిన ప్రభుత్వం కింద, సరిగ్గా రెండు నెలలకు, డిసెంబరులో, కలహండి జిల్లా కూలీలిద్దరి కుడిచేతులు తెగిపడ్డాయి. అడ్వాన్సు తీసుకుని బట్టీకి రానన్నందుకు కూలీలను సరఫరా చేసే దళారులు ఆ పని చేశారు. సుప్రీంకోర్టు దాకా పోయిన కేసది. పది లక్షల మందిని ఒకటి రెండు రోజుల్లో లెక్కపెట్టి, పేర్లు రాసుకుని, లారీలెక్కించి, తిండిపెట్టి తిరిగి ఇంటికి పంపగలిగిన యంత్రాంగానికి, ఏటా దసరా వెళ్లగానే ఒకే ఒక స్టేషను నుంచి మూటాముల్లెతో బయల్దేరే కుటుంబాలను లెక్కపెట్టడం చేతకాలేదంటే ఎవరు నమ్ముతారు? చేతకాకపోవడం కాదు, అక్కర లేకపోవడం. తుపాను టీవీలో కనిపిస్తుంది. వలస రైలు కనిపించదు.

పశ్చిమ ఒడిశాలో ఈ వలసకు 'దాదన్' అని పేరు. దాదన్ అంటే ముందుగా ఇచ్చే సొమ్ము. ఆ సొమ్ము పేరే చివరికి మనిషి పేరైపోయింది. అడ్వాన్సు తీసుకున్నవాడు దాదన్ కూలీ. కొత్త బియ్యం పండగ నువాఖాయి మన వినాయక చవితి మర్నాడు వస్తుంది. దాని చుట్టూనే సర్దార్లు, అంటే కూలీలను సరఫరా చేసే దళారులు, ఊళ్లలో దిగుతారు. పండక్కి ఇంట్లో డబ్బుండదు. పెళ్లి అప్పో, వైద్యం అప్పో ఎలాగూ నెత్తిమీద ఉంటుంది. సర్దారు ఇచ్చేది మనిషికి కాదు, జట్టుకు. ఆ జట్టును 'పథురియా' అంటారు: మొగుడు, పెళ్లాం, ఓ పిల్లో పిల్లాడో. మగాడు మట్టి కలిపితే, ఆడమనిషి అచ్చు పోస్తే, పిల్లలు పచ్చి ఇటుకలను ఎండకు అటూ ఇటూ తిప్పుతారు. లెక్క వెయ్యి ఇటుకలకింత అని. వారం వారం ఖర్చులకిచ్చేది తిండికి సరిపోతుంది. మిగతాదంతా సీజను చివర తేలాలి, అడ్వాన్సు పోను. అప్పటికి ఎంత తేలుతుందో తీసుకున్నవాడికి తెలియదు, లెక్క రాసేవాడికి తెలుసు.

చట్టం లేక కాదు. ఒడిశా దాదన్ కూలీల చట్టం 1975 నాటిది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. సరఫరా చేసేవాడికి లైసెన్సు ఉండాలి, పనిలో పెట్టుకునేవాడు నమోదు చేసుకోవాలి, కూలీ చేతిలో ఫొటో ఉన్న పాస్‌పుస్తకం ఉండాలి, రానూపోనూ ప్రయాణ భత్యం ఇవ్వాలి. 1979 చట్టం చెప్పిన మాటలివి. కంటాబంజిలో రైలెక్కే ఏ అమ్మనైనా ఆ పాస్‌పుస్తకం చూపించమని అడిగి చూడండి.

నవీన్ ఎంచుకున్న రెండు నియోజకవర్గాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన పాలన మొత్తం అర్థమవుతుంది. హింజిలి గంజాం జిల్లాలో ఉంది. గంజాం కుర్రాళ్లు పోయేది సూరత్ మరమగ్గాలకు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ఇంటికి పంపమని సూరత్ వీధుల్లోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒడిశావాళ్లే. కంటాబంజి మనుషులు పోయేది తెలంగాణ, ఆంధ్ర, తమిళనాడు బట్టీలకు. అంటే రాష్ట్రాన్ని ఇరవై నాలుగేళ్లు ఏలిన మనిషి నిలబడిన రెండు చోట్లా ఓటరు కడుపు నింపుకోవడానికి ఊరొదిలి తీరాలి. బలంగీర్ చేలకు నీళ్లివ్వాల్సిన సుక్తెల్ ప్రాజెక్టు దశాబ్దాలు సాగింది. నీళ్లొచ్చే లోపు ఎన్ని నువాఖాయిలు గడిచాయో రైతుకే తెలుసు.

ఇక పాలన ఎవరి చేతిలో ఉందన్నది రెండో అభియోగం. వి.కె. పాండ్యన్ తమిళనాడులో పుట్టిన ఐఏఎస్ అధికారి. 2011 నుంచి ముఖ్యమంత్రి వ్యక్తిగత కార్యదర్శి. 2023 అక్టోబరులో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. వెంటనే కేబినెట్ హోదాతో పదవి దక్కింది. నవంబరు 27న నవీన్ పార్టీ బీజేడీలో చేరారు. అధికారిగా ఉండగానే హెలికాప్టర్‌లో జిల్లాలు తిరిగి అర్జీలు తీసుకున్నారు. ఎమ్మెల్యేలు, మంత్రులు ఆయన ముందు వరుసలో నిలబడ్డారు. ఇది తప్పు. ఆయన తమిళుడైనందుకు కాదు, ఎన్నుకోని మనిషి ఎన్నికైనవారి నెత్తిన కూర్చున్నందుకు. కలెక్టరుకు చెబితే అయ్యే పనిని ఎమ్మెల్యేకు చెప్పి ఏం లాభమని జనం అనుకునే స్థితి వచ్చాక ప్రాంతీయ పార్టీ అంటూ మిగిలేదేముంది? పేరు, గుర్తు, ఒక బొమ్మ. బిజూ జనతాదళ్‌లో బిజూ అన్నది తండ్రి పేరు, జనత అన్నది అలంకారం. ఒక మనిషి తప్ప రెండో మనిషి ఎదగకుండా చూసుకున్న పార్టీలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి తెలుగు పాఠకుడికి ఈ వాక్యం విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే గెలిచినవారు ఈ అభియోగాలు మోపి గెలిచారా? లేదు. సవాలు చేసినవాడు మోపాల్సిన అభియోగం వదిలేసి, మోపకూడనిదాన్ని పట్టుకున్నాడు. మా కోపంలో పెద్ద వాటా ఇక్కడిదే.

2024 మే 20న కంటాబంజి, హింజిలి రెండుచోట్లా పోలింగు. అదే రోజు ప్రధానమంత్రి ఒడిశాలోనే ఉన్నారు. అంగుల్ సభలో ఆయన ఎత్తుకున్న ప్రశ్న పూరీ జగన్నాథుని రత్న భాండాగారం తాళంచెవులు ఏమయ్యాయని. 2018 ఏప్రిల్‌లో లోపలి గది చూడబోతే చెవులు కనపడలేదన్నది నిజమే. దానిపై వేసిన న్యాయ విచారణ కమిషన్ నివేదికను ప్రభుత్వం తొక్కిపెట్టిందన్న ఆరోపణకూ అర్థముంది. కానీ ఆ చెవులు తమిళనాడుకు చేరాయని జనం అనుకుంటున్నారన్నట్టు మాట్లాడటం దేనికి? తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ నిరసించారు. అది ఆయన రాజకీయం. మనం అడగాల్సింది వేరు. దేశ ప్రధాని ఒక రాష్ట్రం ఓట్ల కోసం ఇంకో రాష్ట్రాన్ని దొంగల జాబితాలో చేర్చవచ్చా? జూలై 14న కొత్త ప్రభుత్వం ఆ గది తెరిచింది. అధికారుల దగ్గరున్న చెవులతో తాళాలు రాలేదు, పగలగొట్టారు. రాష్ట్రమంతా ఊదరగొట్టిన తాళంచెవి చివరికి ఏ తాళానికీ పనికి రాలేదు.

దానికి ముందు ఒడిశా జిల్లాల పేర్లు, వాటి కేంద్రాలు కాగితం చూడకుండా చెప్పమని నవీన్‌కు సవాలు. దాని తర్వాత ఆయన చెయ్యి వణుకుతున్న వీడియో. మే చివర బారిపదలో ప్రధాని ఇంకో అడుగు వేసి, నవీన్ ఆరోగ్యం ఎందుకు క్షీణించిందో తేల్చడానికి తాము గెలిస్తే కమిటీ వేస్తామన్నారు. డెబ్బై ఏడేళ్ల మనిషి చేతి వణుకు మీద కమిటీ! కలహండి కూలీల తెగిన రెండు చేతుల మీద ఆ ప్రచార సభల్లో కమిటీ మాట వినపడలేదు.

బీజేపీ ఎత్తుకున్న 'ఒడియా అస్మిత' నినాదం తెలుగువాడికి కొత్తేం కాదు. 1983లో ఆత్మగౌరవం పేరుతో ఒక మహా ప్రభంజనం చూసినవాళ్లం. అది ఢిల్లీ అహంకారం మీద తిరుగుబాటు. ఒడిశాలో 2024లో జరిగింది తలకిందుల కథ: ఢిల్లీ పార్టీయే వచ్చి, మీ ఇంట్లో పరాయివాడున్నాడని చెప్పింది. నవీన్‌కు ఒడియా సరిగా రాదు. ఉపన్యాసాలు రోమన్ లిపిలో రాసుకుని చదివేవారు. పాండ్యన్‌కు ఒడియా ధారాళంగా వచ్చు. భాష లెక్కన చూస్తే పరాయి ఎవరో చెప్పడం కష్టమే. కానీ లెక్క భాషది కాదు, పుట్టుకది. పుట్టుక లెక్క ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుంది? బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి. వి.వి. గిరి పుట్టింది బరంపురంలో. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. ఈ మాట చదువుతున్న బరంపురం పాఠకుడు తమిళుడన్న తిట్టు తన వీధిలోకి ఎప్పుడొస్తుందా అని ఆ మే నెలలో ఒక్కసారైనా అనుకుని ఉంటాడు.

ఇంకో సంగతి. బీజేపీ ఆ ఎన్నికల్లో పదే పదే దండెత్తింది ఇరవై నాలుగేళ్ల దుష్పాలన మీద. ఆ ఇరవై నాలుగింటిలో మొదటి తొమ్మిదేళ్లు బీజేపీ అదే ప్రభుత్వంలో భాగస్వామి. 2008 కంధమాల్ అల్లర్ల తర్వాత, 2009 మార్చిలో నవీన్ తెగతెంపులు చేసుకునేదాకా మంత్రి పదవుల్లో ఉంది. కొత్త ఉప ముఖ్యమంత్రి కె.వి. సింగ్ దేవ్ బలంగీర్ జిల్లా పట్నాగఢ్ ఎమ్మెల్యే, ఆ జిల్లా రాజకుటుంబీకుడు, నవీన్ తొలి మంత్రివర్గాల్లో సభ్యుడు. విడిపోయాక కూడా ఎంత దూరమున్నారు? 370 అధికరణం రద్దుకు బీజేడీ మద్దతు. 2023లో ఢిల్లీ సర్వీసుల బిల్లుకు మద్దతు. అశ్వినీ వైష్ణవ్‌ను 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి రాజ్యసభకు పంపడానికి మద్దతు. 2024 మార్చి 22న ఒంటరిగా పోటీ చేస్తామని రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడు ప్రకటించేదాకా పొత్తు బేరాలు సాగాయి. బేరం కుదిరుంటే తాళంచెవులు ఎక్కడున్నాయో ఎవరూ అడిగేవారు కారు. బేరం చెడింది కాబట్టి రెండు నెలల్లో మిత్రుడు రోగి అయ్యాడు, కార్యదర్శి దొంగ అయ్యాడు.

ఓటరు మాత్రం వీళ్లిద్దరికన్నా తెలివైన తీర్పే ఇచ్చాడనిపిస్తుంది. 147 స్థానాల అసెంబ్లీలో బీజేపీకి 78, బీజేడీకి 51, కాంగ్రెస్‌కు 14. ఓట్లు చూస్తే బీజేడీకి 40.22 శాతం, బీజేపీకి 40.07. ఎక్కువ ఓట్లు వచ్చినవారు ఓడారు. నవీన్ అభిమానులు దీనికి బాధపడనక్కర్లేదు. 2019లో 45 శాతం లోపు ఓట్లతో 112 సీట్లు ఏరుకున్నప్పుడు ఈ లెక్క వాళ్లకు ముద్దుగానే ఉంది. అయితే గెలిచినవారూ గుర్తుపెట్టుకోవాలి. పదిమందిలో ఆరుగురు వీళ్లను కోరుకోలేదు. లోక్‌సభకు వచ్చేసరికి 21లో 20 బీజేపీకి, ఒక్క కోరాపుట్ కాంగ్రెస్‌కు, బీజేడీకి సున్నా. ఒకే రోజు, ఒకే బూతులో రెండు మీటలు నొక్కిన మనిషి భువనేశ్వర్‌కు కొంత, ఢిల్లీకి కొంత అని విడదీసి ఆలోచించాడు. ఆ విడదీసే తెలివిని ఏ పార్టీ ప్రచారమూ గౌరవించలేదు.

ఇంతకూ మే 20న కంటాబంజిలో ఓటేయని వాళ్ల సంగతి? బట్టీల సీజను తొలకరి దాకా నడుస్తుంది. అడ్వాన్సు తీరని కుటుంబం పోలింగు ఉందని బయల్దేరితే పంపే యజమాని ఎక్కడున్నాడు? ముఖ్యమంత్రిని ఓడించిన ఆ ఎన్నికలో, ముఖ్యమంత్రి ఎవరి బతుకుకు జవాబు చెప్పాలో వాళ్లలో చాలామందికి తమ మాట చెప్పే వీలే లేదు. విదేశాల్లో ఉన్నవారి ఓటు గురించి మన దగ్గర ఎన్నో సదస్సులు జరుగుతాయి. సంగారెడ్డి బట్టీలో ఉన్న బలంగీర్ ఓటరు గురించి ఒక్కటి జరగగా మేం చూడలేదు.

మన వాటా ఇక్కడ మొదలవుతుంది. పథురియాను పంపేది ఒడిశా, వాడుకునేది మనం. 1979 చట్టం పనిలో పెట్టుకున్న యజమాని మెడ మీదా కత్తి పెట్టింది, పనిచేయించుకునే రాష్ట్రం కార్మిక శాఖకూ బాధ్యత అప్పగించింది. పెద్దపల్లి, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల్లో బట్టీలెక్కడున్నాయో చిమ్నీ పొగ చూసి చిన్నపిల్లాడు చెబుతాడు. అక్కడికి తనిఖీకి పోవడానికి మాత్రం ఎవరో పారిపోయి వచ్చి ఫిర్యాదు చేయాలి. విడిపించిన కుటుంబాలను తహసీల్దారు సమక్షంలో రైలెక్కించి, విడుదల పత్రం చేతిలో పెట్టి, ఫొటో దిగడం మన ఘనకార్యం. యజమానికి శిక్ష పడిన వార్త రాసే అవకాశం మాకు అరుదు. 2023 చివర తెలంగాణలోనూ ఒక దీర్ఘకాల ముఖ్యమంత్రి గద్దె దిగారు. కామారెడ్డిలో ఆయన ఓటమి గురించి మేమూ పేజీలు నింపాం. ఆ ఎన్నికలో ఇటుక బట్టీ కూలీ గురించి ఏ పార్టీ నాయకుడి నోటా మాట వచ్చిన గుర్తు మాకు లేదు. ఓటు లేనివాడి గురించి మాట్లాడటం ప్రచారంలో ఖర్చు కింద రాస్తారు కాబోలు.

బీజేడీ మేనిఫెస్టోలో వంద యూనిట్ల దాకా ఉచిత కరెంటు, బీజేపీ మేనిఫెస్టోలో క్వింటా వరికి 3,100 రూపాయలు, మహిళకు 50,000 రూపాయల సుభద్ర పథకం. ఉచిత కరెంటు ఎనిమిది నెలలు తాళం వేసి ఉండే ఇంటికి ఎందుకు? వరి ధర భూమి లేనివాడికి దేనికి? సుభద్ర డబ్బు, ఐదేళ్లకు విడదీసి ఏడాదికి పదివేలు, ఏమాత్రమైనా సర్దారు అడ్వాన్సును పోటీలో ఓడిస్తే మంచిదే. ఓడిస్తుందన్న భరోసా మాకు లేదు.

కొత్త ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝి 2024 జూన్ 12న ప్రమాణం చేశారు. మర్నాడే పూరీ గుడి నాలుగు ద్వారాలూ తెరిపించారు. తర్వాత బతుకుదెరువు వలసల మీద ఒక కార్యదళం వేశారు. దానికి అధ్యక్షుడు బలంగీర్ నేత, ఉప ముఖ్యమంత్రి సింగ్ దేవ్. గుడి తలుపులు ఒక్కరోజులో తెరిచిన ప్రభుత్వం బట్టీల జాబితా తయారు చేయడానికి ఎన్నాళ్లు పడుతుందో చూడాలి. ఆ జాబితాలో సగం వివరాలు హైదరాబాదులో, అమరావతిలో ఉన్నాయి. ఏ బట్టీకి ఏ సర్దారు ఏ ఊరినుంచి ఎన్ని జట్లు తెచ్చాడన్నది రెండు తెలుగు ప్రభుత్వాలు ఒడిశాకు రాసి ఇవ్వాలి. ఒడిశా అడిగే దాకా ఆగనక్కర్లేదు.

జూన్‌లో కొత్త సభ కొలువుదీరినప్పుడు నవీన్, లక్ష్మణ్ బాగ్ ఎదురుపడ్డారు. నవీన్ లేచి నిలబడి నమస్కరించి, నన్ను ఓడించింది మీరేనన్నమాట అన్నట్టు పలకరించారని వార్తలొచ్చాయి. పెద్దమనిషి తరహా. ఫొటోగ్రాఫర్లకు అది ఆ రోజు దొరికిన మంచి బొమ్మ. ఆ ఏడాది నువాఖాయి సెప్టెంబరు 8న వచ్చింది. పండగ వెళ్లిన వారాల్లో సర్దార్లు ఎప్పటిలాగే బలంగీర్ ఊళ్లలో అడ్వాన్సులు లెక్కపెట్టారు. కంటాబంజి ప్లాట్‌ఫారం మీద జనరల్ బోగీ ఆగే చోటు వాళ్లకు కంఠతా వచ్చు.